జేబు దేవుడు

మా కార్ఖానాలో దేవుళ్ళకి కళ్ళు పెట్టేదాన్ని నేను. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. ఒళ్ళు ఎవరైనా రుద్దుతారు, బట్టలకి రంగు ఇప్పుడు మిషనుతో కొడుతున్నారు, పెదాలు నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా దిద్దేస్తుంది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ నా బల్ల వైపు చూడాల్సిందే. అందుకే అక్కడ అందరూ నన్ను కళ్ళమ్మ అంటారు. నాకో అసలు పేరుందని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప నాకే గుర్తుండదు.

గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. నేను గొప్ప చెప్పుకోవడానికి ఈ కథలో ఇంతకుమించి చోటు లేదు.

కార్ఖానా అంటే పొడుగాటి రేకుల షెడ్డు. తెల్లటి ప్లాస్టరు దుమ్ము కిటికీల మీద, బల్లల మీద, మా కనుబొమల మీద. ఆ చివర అచ్చుల తాత ప్లాస్టరు కలిపి రబ్బరు అచ్చుల్లో పోస్తాడు. బుడగలు పోవడానికి అచ్చుని పిడికిలితో తడుతూ ఉంటాడు. నాకంటే పదేళ్ళ ముందు చేరినవాడు. పోసినవి ఆరి, గరుకు కాగితంతో రుద్దించుకుని, రంగులేయించుకుని, ఒక్కొక్క బల్లే దాటుకుంటూ చివరికి గుడ్డివాళ్ళుగా నా ముందుకొచ్చి నిలబడతారు. నిలువెత్తు దేవుడు, కూర్చున్న దేవత, ఇంకా నాలుగైదు రకాలు. అందరికంటే ఎక్కువగా పోయేది మాత్రం బొటనవేలంత జేబు దేవుడు. జనం జేబులో వేసుకుంటారు, బండి అద్దానికి వేలాడదీస్తారు, పసిపిల్లల మెడలో దారానికి కడతారు. బయటివాళ్ళు ఆయన అంటారు. మేం వాడి వీపు గరుకు కాగితంతో రుద్దినవాళ్ళం కాబట్టి వాడు అంటాం.

మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. కళ్ళు పెట్టకముందు ముక్కు విరిగినా తల ఊడినా తీసుకెళ్ళి పెంటలో వేస్తాం, చెప్పుకాళ్ళతో తొక్కుకుంటూ తిరుగుతాం. కళ్ళు పెట్టాక చిటికెన వేలు విరిగినా పారెయ్యం. అమ్మడానికీ పనికిరాడు, పారెయ్యడానికీ మనసొప్పదు. అలాంటివాళ్ళని నా బల్ల పక్కనున్న అరలో పెడతాం. దానికి ఆసుపత్రి అర అని పేరు. అది నిండిపోతే తలా ఇద్దర్ని ఇళ్ళకి తీసుకెళ్ళిపోతాం.

ఇక తెలుపు సంగతి చెప్పాలి. మా దగ్గర రెండు తెలుపులు. ఒంటికి వేసేది డబ్బా తెలుపు. అది కంట్లో వేస్తే ఉడికిన గుడ్డులా ఉంటుంది, చూపు ఉండదు. కళ్ళకి నేను వాడేది పాత తెలుపు. అది పొడి. గాజు పలక మీద అవిసె నూనెతో నూరుకోవాలి. రెండు పూతలు వేసి, నల్లటి అంచు గీసి, పాప దిద్ది, చివర చిన్న వెలుగుచుక్క పెడితే ఆ కంట్లో తడి కనిపిస్తుంది. ఏడ్చి తుడుచుకున్న కళ్ళలా ఉంటాయి. మా దేవుళ్ళు మనల్నే చూస్తారని జనం అనేది ఆ తెలుపు చలవే. పన్నెండేళ్ళ కింద దాన్ని చేసే కంపెనీ ఇక చెయ్యమని కబురు పెట్టింది. పోతే పోయిందన్నాడు యజమాని. నేను మూడు రోజులు అన్నం మానేసినంత పని చేసి, ఉన్న సరుకంతా కొనిపించాను. నలభై డబ్బాలు వెనక గదిలో పేర్పించాను. వాళ్ళు ఎందుకు మానేస్తున్నారని మాలో ఒక్కరికైనా అడగాలని తోచలేదు.

కుంచె కొన పెదాల మధ్య తిప్పుకోవాలి. నీళ్ళలో ముంచితే చీలిపోతుంది, పెదాలతో తిప్పితే సూదిలా అవుతుంది. నాకు పని నేర్పినావిడ అలా నేర్పింది, ఆవిడకి ఎవరో అలా నేర్పారు. పాత తెలుపు కొంచెం తియ్యగా ఉంటుంది. టీ లోకి చక్కెర తక్కువైతే "కళ్ళమ్మని ఓసారి ముంచి తియ్యండి" అని అచ్చుల తాత హాస్యమాడేవాడు.

నాకొక్కతే కూతురు. బస్టాండులో టికెట్ల కౌంటరులో కూర్చుంటుంది. అల్లుడు లారీ తోలతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మనవరాలికి రెండేళ్ళు నిండాక దాన్ని చూసుకునేవాళ్ళు లేక నా వెంటే కార్ఖానాకి తీసుకెళ్ళేదాన్ని.

దాన్ని అందరూ వసపిట్ట అనేవాళ్ళు. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడేది. రేకులతో మాట్లాడేది, అచ్చులతో మాట్లాడేది, తుమ్మితే తుమ్ముతో కూడా మాట్లాడేది. "దీని నోటికి అచ్చు తియ్యాలంటే షెడ్డులో ప్లాస్టరు చాలదే" అనేవాడు తాత. ఒకరోజు నా బల్ల కిందినుంచి అడిగింది.

"అమ్మమ్మా, కళ్ళు పెట్టకముందు మనం వాడికి కనిపించమా?"

"కనిపించం."

"అయితే ఇప్పుడు వాణ్ణి వెక్కిరించొచ్చా?"

"వెక్కిరించు. నాలుగు నిమిషాలే టైముంది."

నాలుక చాపి నలుగురు దేవుళ్ళని వెక్కిరించి, నేను కళ్ళు దిద్దేసరికి బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడింది. షెడ్డంతా నవ్వాం.

ఆసుపత్రి అరలోంచి దానికి ఏడుగురు జేబు దేవుళ్ళని ఇచ్చాను. పిల్లకి ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలి, వాళ్ళకీ ఉండటానికి ఒక చోటు కావాలి. ఒకడికి కాలు లేదు, ఒకడికి చెవి లేదు. చెయ్యి విరిగినవాడంటే దానికి ప్రాణం. ఒంటిచెయ్యి అని పేరు పెట్టుకుంది. వాడు లేనిదే అన్నం లేదు, నిద్ర లేదు.

ఒక ఉదయం వాణ్ణి నా ముఖం ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఒంటిచెయ్యికి కళ్ళు పోయాయి."

చూస్తే నిజమే. కళ్ళున్నచోట నున్నగా రెండు గుంటలు. "ఎక్కడ పోయాయే?"

"నేను ముద్దు పెట్టుకుంటే నాలోకి వచ్చేశాయి."

అది షెడ్డులో అందరికీ చెప్పి చెప్పి నవ్వాను. వాడికి మళ్ళీ కళ్ళు పెట్టాను. ఆరేదాకా ఆగవే అంటే ఆగేది కాదు. పది రోజులకి మళ్ళీ తెచ్చింది. తర్వాత చెవి లేనివాడు, కాలు లేనివాడు, మళ్ళీ ఒంటిచెయ్యి. "మీ దేవుళ్ళకి చూపు నిలవదేమిటే" అంటూ పెట్టి ఇచ్చేదాన్ని. దానికోసమని రెండు పూతలకి బదులు మూడు వేసేదాన్ని, తొందరగా పోకుండా ఉంటాయని. ఇలా దాదాపు రెండేళ్ళు.

మొదట కడుపునొప్పి అంది. పురుగులనుకుని మందు పోశాం. అన్నం దగ్గర పేచీ మొదలైంది. చీటికీ మాటికీ ఏడుపు. తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. గ్లాసు కావాలంటే "అది, అది" అని వేలు చూపించేది. మాట నాలుకమీదకి రాక, తప్పంతా మాదే అన్నట్టు మా మీద కోపంగా చూసేది. "పుట్టినప్పటి నుంచి వాగి వాగి అలిసిపోయింది" అన్నారు పక్కింటివాళ్ళు. ఒకరోజు సాయంత్రం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే నేనూ మా అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అమ్మయ్య, చెవులకి కాస్త సుఖంగా ఉంది" అనుకున్నాం. నేనే అన్నాను ఆ మాట. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం నా బల్ల కింద దానికి ఫిట్స్ వచ్చాయి. అచ్చుల తాత ప్లాస్టరు చేతులతోనే ఎత్తుకుని పరిగెత్తాడు. ఆసుపత్రిలో పడుకోబెట్టి సూదులు గుచ్చారు. ఫిట్స్ ఆగాయి, తెలివి మాత్రం పూర్తిగా రాలేదు. కళ్ళు సగం తెరిచి ఎటో చూస్తూ ఉండేది. రోగమేమిటో ఎవరూ తేల్చి చెప్పలేదు. రక్తం తీసుకెళ్ళారు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. మర్నాడు పొద్దున్నే కార్ఖానాకి వెళ్ళి, ఒంటిచెయ్యిని నా బల్ల మీద నిలబెట్టి, నా జన్మలో ఎవరికీ పెట్టని కళ్ళు వాడికి పెట్టాను. అప్పటికి ఏడాదిగా నా కుడి మణికట్టు బలం తగ్గి వేలాడిపోతోంది. ఎడమచేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని దిద్దాను. మూడు పూతలు. ప్రతి పూతకీ కుంచె కొన పెదాల్లో తిప్పుకుంటూ, "దాన్ని చూస్తూ ఉండు, కన్ను తిప్పకు, నిన్ను ఇంకేమీ అడగను" అన్నాను. దేవుణ్ణి అంత గట్టిగా నమ్మిన రోజు నా బతుకులో మరొకటి లేదు. తీసుకెళ్ళి వాణ్ణి దాని పిడికిట్లో పెట్టాను. తెలివి లేకపోయినా వేళ్ళు మూసుకున్నాయి. మెల్లగా వాణ్ణి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"చూశావా," అన్నాను మా అమ్మాయితో. "ఒంటిమీద తెలివి లేకపోయినా వాణ్ణి మరిచిపోలేదు." ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం, సంతోషంతో.

మూడో రోజున డాక్టరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. చిన్న వయసే, ముఖంలో మాత్రం నిద్రలేమి. ఇల్లు పాతదా, గోడలకి రంగు రాలుతోందా, నీళ్ళ గొట్టాలు ఎలాంటివి అని వరసగా అడిగింది. తర్వాత నేను ఏం పని చేస్తానని అడిగింది. చెప్పాను. చెప్తుంటే నా గొంతులో ఆ ఆసుపత్రిలో కూడా కాస్త గర్వం వినిపించింది. ఆవిడ మంచం వైపు చూసింది.

"ఆ పాప చేతిలో బొమ్మ ఎవరిచ్చారు?"

"బొమ్మ కాదు" అన్నాను.

ఆవిడ వాదించలేదు. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, వాణ్ణి తీసి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టింది. అప్పుడు చెప్పింది, పిల్ల రక్తంలో సీసం ఉందని. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందని. పాత తెలుపంటే సీసమేనని, అది తియ్యగా ఉంటుందని కూడా చెప్పింది. అది నాకు కొత్త సంగతి కాదు.

తర్వాత నా వైపు తిరిగింది. "మీరొకసారి నోరు తెరవండి." తెరిచాను. నా చిగుళ్ళ వెంట నల్లటి గీత ఉందట. "చేతులు ఇలా ముందుకి చాపండి." చాపాను. కుడి చెయ్యి మణికట్టు దగ్గర కిందికి వాలిపోయింది.

"వయసైపోయింది కదమ్మా" అన్నాను.

"పిల్లలెంతమంది మీకు?"

"ఇది ఒక్కతే. ముందు ఇద్దరు, తర్వాత ఒకరు కడుపులో నిలవలేదు."

రాస్తున్న పెన్ను ఆగింది. మళ్ళీ రాసింది. "దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?" అని నేనే అడిగాను. "ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేను" అంది. మంచి పిల్ల, అబద్ధం చెప్పడం చేతకాలేదు.

ఆ మూడుసార్లూ నేను వాడికే మొక్కుకున్నాను. ఈసారి బిడ్డ నిలిస్తే వంద జేబు దేవుళ్ళకి పని వేళ దాటాక కూర్చుని కళ్ళు పెడతానని మొదటిసారి మొక్కాను. రెండోసారి మొక్కు ముందే తీర్చేశాను, కడుపుతో ఉండగానే, నాకు నమ్మకం ఎక్కువ కాబట్టి. కుంచె నోట్లో తిప్పుకుంటూ, తియ్యగా, వంద మందికి రెండు వందల కళ్ళు.

డాక్టరమ్మ వెళ్ళాక మా అమ్మాయి పిల్ల వేళ్ళని తడిగుడ్డతో తుడిచింది. అప్పుడు అడిగింది. "ఎన్నిసార్లమ్మా?"

"ఏమిటే?"

"దాని దేవుళ్ళకి ఎన్నిసార్లు మళ్ళీ కళ్ళు పెట్టావు?"

వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాకా వచ్చి ఆపేశాను. ఆమె అరిచి నాలుగు తిట్టి ఉంటే నాకు మేలయ్యేది. "కౌంటర్లో కూర్చుని, పిల్ల మా అమ్మ దగ్గరుంది, నాకేం భయం అనుకునేదాన్ని" అంది, అంతే. ఆ రోజు నుంచి నన్ను అమ్మా అని పిలవలేదు. పని ఉంటే "ఇదిగో" అంటుంది.

ఐదు వారాలకి పిల్లని ఇంటికి పంపారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాటల సంగతి అడిగితే డాక్టరమ్మ నేల వైపు చూస్తూ, పోయినవన్నీ తిరిగి వస్తాయని అనుకోవద్దంది. నడుస్తుంది, తింటుంది, పిలిస్తే ఒక్కోసారి చూస్తుంది. ఒక్క మాట లేదు. వసపిట్ట అని పిలవడం మేమే మానేశాం.

ఇంట్లో ఉన్న ఏడుగురిలో ఒకడు డాక్టరమ్మ దగ్గర ఉండిపోయాడు. ఐదుగురిని గుడ్డలో మూటకట్టి సుత్తితో కొట్టాను. కళ్ళు పెట్టినవాణ్ణి పారెయ్యకూడదన్న మా పద్ధతి ఆ సుత్తితోనే పోయింది. ఏడోవాడి కోసం ఇల్లంతా వెతికాను, దొరకలేదు.

కార్ఖానాకి వెళ్ళి యజమానిని నిలదీశాను. పాపం, అతన్ని అని లాభం లేదు. ముఖం పాలిపోయింది. "డబ్బా తెలుపు వాడమని నీకు ఎన్నిసార్లు చెప్పాను కళ్ళమ్మా? డబ్బా తెలుపేస్తే దేవుడు చచ్చిపోతాడన్నది నువ్వు కాదూ?" అన్నాడు. నిజమే, ఆ మాట నాదే. అప్పటికప్పుడు వెనక గదికి తాళం వేయించాడు. "మరి ఇన్నేళ్ళూ బయటికి పోయినవాళ్ళు?" అని అడిగాను. "ఎక్కడని వెతుకుతావు? ఏ జేబులో అని వెతుకుతావు?" అన్నాడు.

డాక్టరమ్మ పై ఆఫీసుకి రాసింది. ఒక మనిషి వచ్చి, వెనక గది చూసి, డబ్బాలు తీసుకెళ్ళే ఏర్పాటు చేశాడు. తర్వాత పేపరులో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి, రంగు బొమ్మలని పిల్లల నోటికి అందకుండా ఉంచాలని. చదివినవాళ్ళు చదివారు. ఎవరి ఇంట్లోనూ బొమ్మలు లేవు. దేవుళ్ళున్నారు.

అచ్చుల తాత పక్కన కూర్చున్నాను, వెనక గదికి తాళం పడిన రోజు. మా వాళ్ళలో నేను మనసు విప్పి మాట్లాడేది ఆయనతోనే.

"తాతా, దేవుడికి కోపమొస్తే కీడు చేస్తాడంటారు. నేనేం తప్పు చేశానని?"

"కోపమెక్కడిదే వాడికి. కనుబొమలు ముడిపడకుండా అచ్చు తీసింది నేను."

"మరి ప్రేమా?"

"నోరు మూసి ఉన్న అచ్చు. ఏముందో వాడు చెప్పలేడు." నా ముఖం చూడకుండా అన్నాడు. "ఒళ్ళు నాదే, ఒప్పుకుంటాను. ఆ చూపు మాత్రం నీది."

ఆయన నన్ను దెప్పిపొడవాలని అనలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. వాడు అంతా చూసి ఊరుకున్నాడంటే వాడంత పగవాడు లేడు. అసలు చూడనే లేదంటే నేను ముప్పై ఒక్క ఏళ్ళు గోడకి కళ్ళు పెట్టాను. ఈ రెంటిలో ఏది నిజమైనా నాకు తల దాచుకునే చోటు లేదు. ఇంకో సంగతి నన్ను తినేస్తోంది. వాణ్ణి కొని బీరువాలో పడేసి మరిచిపోయినవాళ్ళకి ఏమీ కాలేదు. ఎవరు వాణ్ణి గుండెకి హత్తుకున్నారో, ఎవరు పొద్దున లేవగానే ముద్దు పెట్టుకున్నారో, వాళ్ళలోకే వాడి కళ్ళు దిగిపోయాయి. కోపిష్ఠి దేవుడికి దూరంగా ఉండి బతకొచ్చు. వీడికి దగ్గరైనవాళ్ళే పోతారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అని తెలిసినా, కార్ఖానా వెనక వీధిలో మొదటి ఇంటి తలుపు తట్టాను. రొట్టెలు కాల్చే అతని ఇల్లు. అతని భార్య చంకలో ఏడాది పిల్లాడు. వాడి మెడలో దారానికి జేబు దేవుడు. పిల్లాడు ఆ తలని చిగుళ్ళతో కొరుకుతున్నాడు. దేవుడికి ఒక కన్ను అప్పటికే సగం పోయింది. ఆ మిగిలిన చూపు నాదేనని నేను గుర్తుపట్టాను.

"అమ్మా, అది వాడి నోట్లోంచి తియ్యి. ఆ కళ్ళ రంగులో విషముంది."

"అదేం మాట పెద్దమ్మా? దేవుడిలో విషమేంటి?"

"నేనే పెట్టాను తల్లీ ఆ రంగు. నా మనవరాలికి మాట పడిపోయింది."

"అయ్యో పాపం" అంది నిజంగానే. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "అందరికీ అన్నీ బాగుండవు పెద్దమ్మా. వీడు నెల తక్కువ పుట్టాడు. బతకడన్నారు. ఇది మెడలో కట్టాకే నిలబడ్డాడు. ఇప్పుడు తీసెయ్యమంటే ఎలా?"

"తీసెయ్యొద్దు. ఆ కళ్ళు గీకేసి ఇస్తాను. మంచి రంగుతో మళ్ళీ పెడతాను. నీకు పుణ్యముంటుంది." అంటూ సంచిలోంచి బ్లేడు తీశాను.

బ్లేడుతో పసివాడి మెడ దగ్గరికి చెయ్యి చాపాను, అదీ పట్టు లేని చెయ్యి. అలాంటి పని చేసినదాన్ని ఎవరు నమ్ముతారు? ఆవిడ కెవ్వుమంది. అతను పిండి చేతులతో లోపలినుంచి పరిగెత్తుకొచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి వీధి మలుపుదాకా నడిపించుకుంటూ వచ్చి, చేతిలో వేడి రొట్టె ఒకటి పెట్టాడు. "ఇంటికెళ్ళి పడుకో పెద్దమ్మా. మనవరాలి దిగులుతో ఇలా అయిపోయావు. ఆయన్నే తలుచుకో, ఆయనే చూసుకుంటాడు" అన్నాడు. ఆ ఒక్క వీధిలోనే ముప్పై ఇళ్ళు ఉంటాయి. రెండో ఇంటికి వెళ్ళేలోపే నా సంగతి ఆ ఇంటికి చేరిపోయింది. తలుపు తియ్యలేదు.

ఇది జరిగి నాలుగు నెలలు. నేను పని మానేశాను. చెయ్యీ సాగదు, మనసూ సాగదు.

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను గదిలో కూర్చుని పిల్లని చూస్తున్నాను. అది మంచం కిందికి దూరింది. గోడ వారన, ట్రంకు పెట్టె వెనక్కి ఎంతసేపో చెయ్యి పెట్టి కెలికింది. దుమ్ము కొట్టుకుని బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పిడికిలి విప్పింది. ఏడోవాడు. కళ్ళున్నచోట తెల్లగా, నున్నగా, దాని నాలుక నాకేసిన గుంటలు.

వాణ్ణి నా ముఖం దగ్గరికి ఎత్తి పట్టుకుంది, వెనకటిలాగే. పెదాలు కదిలాయి. గొంతులో ఏదో తడబడింది.

"కళ్ళు" అంది.

స్పష్టంగా అంది. ఐదు నెలలు దాటాక దాని గొంతు విన్నాను. కొంచెం బొంగురుపోయింది గానీ అదే గొంతు. నేను వాణ్ణి లాక్కుని గుప్పిట మూశాను.

పెరట్లో బకెట్టు పడిన చప్పుడైంది. మా అమ్మాయి సబ్బు నురగ చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మాట్లాడింది కదూ? అమ్మా, మాట్లాడింది కదూ? నేను విన్నాను. ఏమంది? చెప్పమ్మా, ఏమంది?"

రెండుసార్లు అమ్మా అంది. ఆ పిలుపు కోసం నేను ఎన్ని అబద్ధాలైనా ఆడతాను. నిన్నే పిలిచిందే, అమ్మ అంది, అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

పిల్ల రెండు చేతులతో నా గుప్పిట పట్టుకుని విప్పుతోంది. నా కుడి చేతికి బలం లేదు. దాని బుల్లి వేళ్ళకే లొంగిపోయింది. వాడు నేల మీద పడి దొర్లి, మా అమ్మాయి కాళ్ళ దగ్గర వెల్లకిలా ఆగాడు. పిల్ల వాడి వైపు వేలు చూపించి, నా వైపు తిరిగి మళ్ళీ అంది. "కళ్ళు."

మా అమ్మాయి వాణ్ణి చూసింది. నన్ను చూసింది. ముఖంలో వెలుగంతా ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, నేను చూస్తూనే ఉన్నాను. పిల్లని చంకనేసుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, డాక్టరమ్మ చెప్పినట్టు సబ్బుతో మూడుసార్లు చేతులు కడగడం మొదలుపెట్టింది. పిల్ల తల వెనక్కి తిప్పి నన్నే చూస్తూ, నీళ్ళ చప్పుడు మధ్యలోంచి ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంది.